టైప్ 1ఎ సూపర్‌నోవాలతో కొలిచిన దూరాలను ఎంతవరకు నమ్మాలి?

ధ్రువతార: టైప్ 1ఎ అంటే వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయిన నక్షత్రపు దట్టమైన శేషం) పేలడం. అది సూర్యుడికి 1.4 రెట్ల బరువు దగ్గర పేలుతుంది కాబట్టి అన్నిటి అసలు వెలుగూ ఒకటే, ఎంత మసకగా కనిపిస్తే అంత దూరమని ఇంకా రాస్తున్నారు. 1991లో కనిపించిన 1991టి అనే సూపర్‌నోవా మామూలు కంటే ప్రకాశవంతం, అదే ఏడాది వచ్చిన 1991బిజి బాగా మసక. ఇక కొలబద్ద ఎక్కడిది?

వేగుచుక్క: ఒకటేనని ఎవరూ లెక్క కట్టరండీ. 1993లో ఖగోళ శాస్త్రవేత్త ఫిలిప్స్ చూపించింది ఇదే: వెలుగు గరిష్ఠం దాటాక 15 రోజుల్లో బి బ్యాండ్‌లో (నీలి వెలుగులో) ఎన్ని మాగ్నిట్యూడ్లు (వెలుగును కొలిచే మెట్లు) తగ్గిందో చూడాలి. నెమ్మదిగా ఆరేది ఎక్కువ వెలుగుది. దాన్నిబట్టి ఒకసారి, రంగును బట్టి ఇంకోసారి దిద్దితే మిగిలే తేడా సుమారు 0.15 మాగ్నిట్యూడ్, అంటే దూరంలో 7 శాతం. గరిష్ఠానికి ముందు పరిశీలనలు లేకపోతే ఆ 15 రోజులు ఎక్కడ మొదలో గట్టిగా చెప్పలేం. పేలుడు పూర్తిగా ఆరాక అదే గెలాక్సీని మళ్లీ ఫొటో తీసి, ఆ గెలాక్సీ వెలుగును లెక్కలోంచి తీసేయకపోయినా లెక్క చెడుతుంది.

ధ్రువతార: ఆ రంగు దిద్దుబాటు మీదే నా అభ్యంతరం. ఎరుపు ధూళిదా, పేలుడుదేనా? పాలపుంత ధూళికి ఆర్‌వి (ధూళి ఎంత ఎర్రబరిస్తే ఎంత వెలుగు మింగుతుందో చెప్పే నిష్పత్తి) 3.1. ఎం82 గెలాక్సీలోని సూపర్‌నోవా 2014జెకి వచ్చింది 1.4 దగ్గర. 3.1 పెడితే 2 మాగ్నిట్యూడ్లు దాటి తప్పుతుంది.

చుక్కలపొద్దు: రంగు విలువ (ఎంత ఎరుపో చెప్పే అంకె) 0.3 దాటినవాటిని ముందే తీసేస్తారు. 2014జె ఆ దూరాల లెక్కలోకే రాదు.

ధ్రువతార: ఇబ్బంది పెట్టేవన్నీ ఏరేసి తేడా తగ్గిందంటే అది కొలత ఎలా అవుతుంది!

వేగుచుక్క: అడిగినప్పుడల్లా ఒక వింత సూపర్‌నోవాను తెచ్చి ముందు పెడుతున్నారు. వెయ్యి ఉంటే ఒక్కోదాని 7 శాతం సగటులో కరిగిపోతుంది.

ధ్రువతార: అటూ ఇటూ పోయే తప్పు కరుగుతుంది, ఒకవైపే లాగే తప్పు కరగదు. నా గొడవంతా అదే. వెయ్యి కోట్ల సూర్యుల బరువు దాటిన గెలాక్సీల్లో పేలినవి, అన్నీ దిద్దాక కూడా, సుమారు 0.06 మాగ్నిట్యూడ్ ఎక్కువ వెలుగుతాయి. దూరం వెళ్లేకొద్దీ చిన్న వయసు నక్షత్రాలే ఎక్కువ. సగటే జరిగితే లక్ష కొలిచినా అదే తప్పు.

వేగుచుక్క: ఇది మొదటే అడగాల్సింది. ఒప్పుకుంటాను, కానీ దెబ్బ దేనికి? హబుల్ స్థిరాంకం (విశ్వం ఇప్పుడు విస్తరించే వేగం) సూపర్‌నోవాలతో 73, విశ్వపు తొలి వెలుగుతో 67.4; వాటి మధ్య తేడా 0.17 మాగ్నిట్యూడ్. 0.06 మొత్తం వేసినా పూడదు. అక్కడ భారమంతా సెఫీడ్ల (వెలుగు పెరిగి తగ్గే కాలాన్నిబట్టి దూరం చెప్పే నక్షత్రాల) మీద ఉంది: 2022 లెక్కకు వాటితో దూరం కట్టిన 37 గెలాక్సీల్లోని 42 సూపర్‌నోవాలే ఆధారం. త్వరణానికైతే (విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని చెప్పడానికైతే) అసలు వెలుగెంతో అక్కర్లేదు, దగ్గరివీ దూరపువీ ఒకే తీరుగా ఉంటే చాలు.

ధ్రువతార: త్వరణాన్ని కాదనడం లేదు, దానికి వేరే ఆధారాలున్నాయి. ఆ త్వరణానికి కారణమనుకునే డార్క్ ఎనర్జీ కాలంతో మారుతోందా అన్నచోట 0.03 కూడా చాలా ఎక్కువ. ఆ 0.06 దగ్గరా దూరంలో ఒకేలా ఉందో లేదో విడివిడిగా కొలిచి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.