‘హొనోరిబుస్ ఫుంక్తో’: గౌరవాలతో మరణించాడా?

లాటిన్ అభ్యాసి:
మధ్యాహ్నం నుంచి ‘హొనోరిబుస్ ఫుంక్తో’ అనే ఒక్క లాటిన్ మాట దగ్గరే ఆగిపోయాను. నిఘంటువులో హొనొర్ అంటే గౌరవం. ఫుంక్తుస్ అంటే పోయినవాడు. కలిపితే ‘గౌరవాలతో మరణించినవానికి’ అని వస్తోంది, కానీ మిగతా భాగంలో చావు ఊసే లేదు. చివర హొనోరిస్ కౌసా (గౌరవార్థం) కూడా ఉంది. ఎవరైనా చెప్పండి, విసుగొచ్చేసింది.

పొడిమాట:
పూర్తి వాక్యం ఏది?

ధ్వనిప్రియ:
ముందు రూపం సంగతి చూడండి. హొనొర్‌కు పాత ప్రథమా విభక్తి రూపం హొనోస్, చివర దీర్ఘం. షష్ఠిలో రెండు అచ్చుల మధ్య పడిన సకారం రకారమై హొనోరిస్ అయింది. ఆ రకారం ప్రథమకూ పాకి హొనొర్ వచ్చింది, చివర హ్రస్వం. రోమన్ రచయిత సిసెరో హొనోస్ అనే ఎక్కువగా రాస్తాడు. తకారం ముందు మాత్రం సకారం నిలిచింది, అందుకే హొనెస్తుస్ (గౌరవనీయుడు). ఎ, ఒలలో హ్రస్వ దీర్ఘాలు రెండూ ఉన్న లిపి మనది, ‘హానర్’ అని రాసి ఆ తేడా పోగొట్టకండి.

లాటిన్ అభ్యాసి:
మంచిదండి. నాకు కావలసింది అర్థం.

పొడిమాట:
వాక్యం. ఎక్కడిది?

లాటిన్ అభ్యాసి:
స్పెయిన్‌లో తార్రాకో పట్టణపు రోమన్ శాసనం, విగ్రహం కింది పీఠం మీదిది. పేరు చతుర్థిలో ఉంది. తర్వాత ‘ఒమ్నిబ్ హొనోరిబ్ ఇన్ రె పి సువా ఫుంక్తో’. చివర ‘పి హెచ్ సి’. అందులో ‘హెచ్ సి’నే హొనోరిస్ కౌసా అనుకున్నాను.

శాసనపాఠి:
ఇది ముందే చెప్పాల్సిందండి. ఇక్కడ హొనోరెస్ అంటే పదవులు. చనిపోయినవాడు దెఫుంక్తుస్, ఉత్త ఫుంక్తుస్ అంటే సాధారణంగా నిర్వహించినవాడు. ‘తన పట్టణంలో అన్ని పదవులూ నిర్వహించినవానికి’ అని రాయండి. పట్టణం కనుక ఆ పదవులు ఎదిలిస్ (సంత, వీధుల అధికారి), క్వైస్తోర్ (ఖజానా అధికారి), దుయోవిర్ (ఇద్దరు పట్టణాధిపతుల్లో ఒకడు). రోమ్‌లో అత్యున్నతమైన కాన్సుల్ పదవిని ఇందులోకి లాగకండి. రోమ్‌లోనైతే కుర్సుస్ హొనోరుమ్ (పదవుల మెట్లు) వేరే వరుస.

చివరిది హొనోరిస్ కౌసా కాదు. ప్రొవింకియా హిస్పానియా కితెరియోర్, అంటే విగ్రహం పెట్టించిన రాష్ట్రం. ముందు ‘పి’ ఉందంటే ‘హెచ్ సి’ని విడగొట్టి చదవకూడదు.

పట్టాల ముచ్చట:
హొనోరిస్ కౌసా అంటే గౌరవార్థం. పరీక్ష లేకుండా ఇచ్చే డాక్టరేట్ అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ ఇచ్చింది ఆ పద్ధతిలోనే. అలాంటివారు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అన్నది అసలు చర్చించాల్సిన విషయం.

పొడిమాట:
ఇక్కడ కాదు.

విభక్తి చర్చ:
‘గౌరవాలతో’లో ‘తో’ ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. హొనోరిబుస్ పంచమి. ఫుంగొర్ క్రియకు కర్మ పంచమిలో వస్తుంది. తెలుగులో ద్వితీయ చేయాలి: పదవులను నిర్వహించిన.

ధ్వనిప్రియ:
పంచమి అనకండి. చేత, తో అర్థాలు కూడా దానిలోనే కలిసి ఉన్నాయి కదా, తృతీయ అనాలి.

విభక్తి చర్చ:
తృతీయ అన్నందుకే ‘గౌరవాలతో’ వచ్చింది.

శాసనపాఠి:
ఆ విభక్తికి లాటిన్ పేరే, అబ్లతీవుస్ అనే రాసుకోండి, గొడవ ఉండదు. ఇంకొక్క మాట. హొనొర్‌ను ప్రతిచోటా పదవి చేసినా తప్పే. బైతికా (దక్షిణ స్పెయిన్) శాసనాల్లో ‘హొనోరె అక్కెప్తో ఇంపెన్సమ్ రెమీసిత్’ తరచు కనిపిస్తుంది: విగ్రహమనే గౌరవం స్వీకరించి, దాని ఖర్చు మాత్రం పట్టణానికి మిగిల్చి తానే భరించాడని. అక్కడ గౌరవమే సరి. పక్కన ఫుంక్తుస్, గెస్సిత్ (నిర్వహించాడు), పెతిత్ (కోరాడు) వంటి క్రియలుంటే పదవి. హబేరె (చూపడం), త్రిబుఎరె (ఇవ్వడం), దెఫెర్రె (అందించడం) ఉంటే సాధారణంగా గౌరవం, అయితే దెఫెర్రె పదవి అప్పగించడానికీ వస్తుంది. ‘ఒబ్ హొనోరెమ్’ (హొనొర్ నిమిత్తం) పక్కన షష్ఠిలో పదవి పేరుంటే, ఆ పదవి దక్కినందుకు చేసిన దానం గురించి.

లాటిన్ అభ్యాసి:
కుదిరిందండి, థాంక్స్. ‘రె పి’ (రె పుబ్లికా) అంటే పట్టణమేనా, మొత్తం రాజ్యమా?

విభక్తి చర్చ:
‘సువా’ (తన) ఉంది చూడండి, అంటే తన పట్టణమే. పైగా అదీ అబ్లతీవుసే, అందుకే నేను పంచమి అన్నది…