బ్యాంకాక్ పాత పేటలు, థాయ్ చేతిపనులు: డిజైనర్లు వచ్చాక బాగుపడిందెవరు?

మట్టిగోడ

మొన్న చేనేత థ్రెడ్‌లో ఒకరు "పాత పనులు బతకాలంటే థాయ్‌లాండ్‌ని చూసి నేర్చుకోవాలి, అక్కడి ఆర్కిటెక్టులు, డిజైనర్లు దారి చూపించారు" అని రాశారు. ఆ థ్రెడ్‌ని పక్కదారి పట్టించడం ఇష్టం లేక ఇక్కడ వేరేగా పెడుతున్నాను.

పైపైన చూస్తే వాళ్లు చెప్పింది నిజమే అనిపిస్తుంది. ప్రభుత్వ డిజైన్ కేంద్రం టీసీడీసీ 2017లో షాపింగ్ మాల్ వదిలి చరోన్ క్రుంగ్ రోడ్డులోని పాత పెద్ద పోస్టాఫీసు భవనానికి మారింది. చుట్టుపక్కల పేటంతా ఇప్పుడు 'క్రియేటివ్ డిస్ట్రిక్ట్'. 2018 నుంచి బ్యాంకాక్ డిజైన్ వీక్ జరుగుతోంది. యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో చేతిపనుల కింద చియాంగ్ మాయ్ 2017లో, డిజైన్ కింద బ్యాంకాక్ 2019లో చేరాయి. నది ఒడ్డున పాత గోదాములు గ్యాలరీలయ్యాయి, కాఫీ షాపులయ్యాయి.

ఫొటోల్లో అంతా బాగుంటుంది. కానీ ఆ గోదాములో మూటలు మోసినవాడు ఇప్పుడెక్కడున్నాడు? 2018లో తెరిచిన ఐకాన్‌సియామ్ మాల్ కింది అంతస్తులో ఏకంగా పడవల బజారు కట్టారు, ఏసీలో. బుట్టలల్లేవాళ్లు, మిఠాయిలు చేసేవాళ్లు అక్కడ వరసగా కూర్చుని కనిపిస్తారు. పేటలు పోయి పేటల నమూనాలు వస్తున్నాయి అంటాను నేను. కాదనేవాళ్లు చెప్పండి.

బ్యాంకాక్_బాబాయ్

కాదంటాను. చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కొంచెం గట్టిగానే అంటాను.

మాల్ వాడు మాల్ పనే చేస్తాడండీ. దాన్ని తెచ్చి డిజైనర్ల ఖాతాలో రాస్తే ఎలా? చరోన్ క్రుంగ్ పక్కనే తలాత్ నోయ్ ఉంది, ఒకసారి నడిచి చూడండి. పాత ఇంజన్ల విడిభాగాలు, జిడ్డు ఓడుతూ, గుమ్మం ముందు గుట్టలుగా పోసి ఉంటాయి. ఆ పక్కింట్లోనే కాఫీ షాపు. రెండూ నడుస్తున్నాయి.

అసలు డిజైనర్ అడుగుపెట్టని పనులు ఏమయ్యాయో ఎవరూ మాట్లాడరేం? బాన్ బాత్ అని పేట ఉంది, భిక్షువుల భిక్షాపాత్రలు చేసే పేట. ఎనిమిది ఇనుప రేకులు అతికి, సుత్తితో కొట్టి కొట్టి గుండ్రం తేవాలి. ఫ్యాక్టరీ పాత్రలు చవగ్గా వచ్చాయి, వాళ్ల గిరాకీ కూలిపోయింది. ఇప్పుడు ఆ పని చేసేవి కొద్ది కుటుంబాలే, కొనేవాళ్లలో టూరిస్టులే ఎక్కువ. ఇక్కడ ఏ ఆర్కిటెక్టూ ఏమీ చెడగొట్టలేదు. ఊరికే వదిలేసినా పోయింది.

ఇంకోవైపు యోథకా వాళ్లను చూడండి. కాలవలన్నీ పూడ్చేసే గుర్రపుడెక్కను ఎండబెట్టి, తాడు పేని, కుర్చీలు, సోఫాలు అల్లించారు. సువాన్ కోంగ్‌ఖున్‌తియాన్ అనే డిజైనర్ పని అది. బుట్టలల్లే చేతులకు ఎగుమతి ఆర్డర్లు వచ్చాయి. గుర్రపుడెక్క సోఫా ఏ తాత కాలంలో ఉంది? అయినా చేతులు అవే కదా.

పేక_పడుగు

బాబాయ్ గారూ, 'చేతులు అవే' దగ్గరే నా అభ్యంతరం. థాయ్ పట్టు కథ తీసుకుందాం. డిజైన్ కాపాడింది అని అందరూ చూపించేది దాన్నే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జిమ్ థాంప్సన్ అనే అమెరికన్ బ్యాంకాక్‌లో ఉండిపోయాడు. సేన్ సేప్ కాలవ ఒడ్డున బాన్ క్రువా అనే పేటలో చామ్ ముస్లిం కుటుంబాలు పట్టు నేసేవి. ఆయన వాళ్లతో కొత్త రంగుల్లో, వెలిసిపోని అద్దకాలతో నేయించి విదేశాల్లో అమ్మాడు. కాలవకు ఇవతలి ఒడ్డున పాత టేకు ఇళ్లు ఆరు విప్పి తెచ్చి, కలిపి తన ఇల్లు కట్టుకున్నాడు, 1959లో పూర్తయింది. 1967లో మలేసియా కామెరాన్ హైలాండ్స్‌లో షికారుకని వెళ్లి మాయమయ్యాడు, ఇప్పటికీ ఆచూకీ లేదు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, బ్యాంకాక్ వెళ్లిన మనవాళ్లలో సగం మంది చూసే ఉంటారు.

మరి ఎదుటి ఒడ్డు? కంపెనీ పెరిగాక నేత పని ఈశాన్యాన పాక్ థోంగ్ చాయ్‌కి వెళ్లింది. బాన్ క్రువాలో మిగిలిన మగ్గాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. థాయ్ పట్టు ప్రపంచమంతా తెలిసింది, నిజం. దానికి మొదట చేతులిచ్చిన పేటకు దక్కింది తక్కువ. ఎక్స్‌ప్రెస్‌వే దారి కోసం ఆ ఇళ్లు పడగొడతామని వచ్చినప్పుడు వాళ్లను కాపాడింది కూడా పట్టు పేరు కాదు. ఏళ్ల తరబడి రాత్రిళ్లు కాపలా కాసి, ఊరేగింపులు తీసి, వాళ్లే ఆపుకున్నారు.

కాబట్టి 'పని బతికిందా' అనేది ఒక ప్రశ్న, 'పనివాళ్లు బతికారా' అనేది ఇంకో ప్రశ్న. ఈ థ్రెడ్‌లో రెండింటినీ కలిపేస్తున్నారు.

చౌరస్తా_చాయ్

సీరియస్ చర్చలో దూరుతున్నాను, తిట్టకండి 😄

సనామ్ చాయ్ మెట్రో స్టేషన్ సంగతేంటి? 2019లో తెరిచారు, రాజమందిరం దగ్గర. లోపల ఎర్ర స్తంభాలు, బంగారు పూతలు, పైకప్పుకు పూలు, అచ్చం దర్బారు హాలు. గీసింది ఊరూపేరూ లేనివాళ్లు కాదు, జాతీయ కళాకారుడి బిరుదున్న పిన్యో సువాన్‌ఖిరి. మా ఆఫీసులో ఆర్కిటెక్టులకు చూపిస్తే "పెళ్లి మండపం సెట్టింగ్" అన్నారు. మా అమ్మకు చూపిస్తే "స్టేషన్ అంటే ఇలా ఉండాలి" అంది. నేను అమ్మ పార్టీ.

బట్టీపొగ

అమ్మగారిదే కరెక్ట్ అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఆ స్తంభం కాంక్రీటుది, పైది పూత. దానివల్ల కొత్త పనివాడు ఎవడైనా తయారయ్యాడా అన్నది నా లెక్క.

బూన్‌సెర్మ్ ప్రేమ్‌థాడా అనే ఆర్కిటెక్ట్ పని దీనికి పూర్తిగా వేరు. 2019లో లండన్ రాయల్ అకాడమీ డార్ఫ్‌మన్ అవార్డు ఇచ్చింది ఆయనకే. కంతానా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు లక్షల కొద్దీ చేతి ఇటుకలతో అలల్లా వంపు తిరిగిన గోడలు కట్టించాడు. తర్వాత సురిన్‌లో, ఏనుగులతో కలిసి బతికే కుయ్ జనం ఉండే చోట, ఏనుగుల మ్యూజియం కట్టాడు. అదీ అక్కడి మట్టితో చేసిన ఇటుకలే. పైన గుడి కప్పుల మీద ఉండే కొమ్ముల్లాంటి చెక్కడాలూ లేవు, బంగారం మెరుపులూ లేవు. సంప్రదాయం గోడ లోపల ఉంది: మట్టి పిసికినవాడు, బట్టీ పెట్టినవాడు, పేర్చిన మేస్త్రీ. మెషిన్ ఇటుక వచ్చాక చేతి ఇటుక ఎవడు కొంటాడు? ఇలాంటి ఆర్కిటెక్ట్ కొంటాడు.

మట్టిగోడ

బట్టీపొగ గారూ, ఆ గోడలు నాకూ ఇష్టం. కానీ ఒక భవనం ఆర్డరుతో బట్టీ ఎన్నాళ్లు మండుతుంది? గోడ లేచాక మళ్లీ సిమెంటు బ్లాకే కదా. అవార్డు ఆర్కిటెక్టుకు ఎప్పటికీ ఉంటుంది.

సరే, నగరం వైపు వద్దాం. నేను ఈ థ్రెడ్ పెట్టిన అసలు కారణం పోమ్ మహాకాన్. పాత బ్యాంకాక్ కోటలో మిగిలిన బురుజుల్లో ఒకటి, దాని గోడ పక్కన చిన్న చెక్క ఇళ్ల పేట. పక్షి పంజరాలు చేసేవాళ్లు, కోడిపుంజులు పెంచేవాళ్లు, సుమారు మూడు వందల మంది. అక్కడ పార్కు కావాలని నగర పాలక సంస్థ 1992 నుంచీ వెంటపడింది. పేటవాళ్లు ఊరికే కూర్చోలేదు. యూనివర్సిటీ ఆర్కిటెక్టులతో కలిసి ప్లాన్ గీశారు: కొంత స్థలం పార్కుకు ఇస్తాం, మిగతాదాంట్లో ఉంటాం, పార్కును మేమే చూసుకుంటాం, పాత ఇళ్లను మేమే చూపిస్తాం అని. హార్వర్డ్ మానవశాస్త్రవేత్త మైకేల్ హెర్జ్‌ఫెల్డ్ లాంటివాళ్లు వాళ్ల తరఫున మాట్లాడారు. 2018 ఏప్రిల్‌లో చివరి ఇల్లూ పోయింది. ఇప్పుడు పచ్చిక ఉంది.

సంవత్సరం గమనించారా? అదే 2018, మొదటి డిజైన్ వీక్ జరిగిన ఏడాది. ఒక పేటలో పాత గోడల మీద లైట్ల ప్రదర్శన, కొంచెం దూరంలో ఇంకో పేటలో బుల్డోజరు.

బ్యాంకాక్_బాబాయ్

బాధాకరమే, అప్పట్లో ఇక్కడ చాలామంది బాధపడ్డారు. కానీ మీ ఉదాహరణ మీ వాదననే తిప్పికొడుతోంది సార్. అక్కడ ఆర్కిటెక్టులు జనం పక్కన నిలబడ్డారు, కూల్చింది నగర పాలక సంస్థ. తప్పెవరిది?

గెలిచిన కథ కూడా ఒకటి చెప్పుకుందాం. చంథబురిలో నది ఒడ్డున పాత వ్యాపారుల వీధి ఉంది. అక్కడ లువాంగ్ రాజమైత్రి అనే పాతకాలపు పెద్దమనిషి ఇంటిని చిన్న హోటల్‌గా మార్చారు. ఆర్సోమ్ సిల్ప్ అనే సంస్థ ఆర్కిటెక్టులు సాయపడ్డారు. ముఖ్యమైన సంగతి, దానికి కంపెనీ పెట్టి వీధివాళ్లకు వాటాలు అమ్మారు. హోటల్లో లాభం వస్తే వీధికే. యునెస్కో వారసత్వ అవార్డు కూడా వచ్చింది. 2003లో మొదలైన బాన్ మన్‌కోంగ్ పథకం కూడా అలాంటిదే. కాలవ ఒడ్డు బస్తీల జనం సంఘం కట్టి పొదుపు చేస్తారు, స్థలం లీజుకో కొనుగోలుకో సంఘం పేరు మీద తీసుకుంటారు, ఇళ్ల ప్లాన్ ఆర్కిటెక్టులతో కూర్చుని తామే తేల్చుకుంటారు.

పేక_పడుగు

బాబాయ్ గారూ, ఇప్పుడు దారిలోకి వచ్చారు 🙂 మీరు చెప్పిన రెండింట్లో డిజైన్ కంటే ముందు ఏం జరిగిందో చూడండి. ఒకచోట వాటా, ఒకచోట లీజు. పోమ్ మహాకాన్‌లో ప్లాన్ బాగానే ఉంది, కాళ్ల కింద నేల వాళ్లది కాదు. బాన్ క్రువాలో బట్ట వాళ్లు నేశారు, లేబుల్ వాళ్లది కాదు. పాతదా కొత్తదా అనే గొడవ నాకు పెద్దగా పట్టదు, ఎందుకంటే 'అచ్చమైన థాయ్' అనేది అంత తేలిగ్గా దొరకదు. పాత రాజధాని అయుత్థయ రాజుల కాలంలో దర్బారుకు కావలసిన నమూనాలు అక్కడినుంచి వచ్చేవి, అద్దకం మన కోరమండల్ తీరంలో జరిగేది. దేవతలు, మంటల్లాంటి అంచులు, అన్నీ సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) అభిరుచికి తగ్గట్టు మనవాళ్లు నూలు మీద వేసి ఓడలెక్కించారు. గీసింది ఒకరు, చేసింది ఇంకొకరు, అప్పుడే. ఆ అద్దకంవాళ్ల పేర్లు మాత్రం మనకు ఒక్కటీ తెలియదు.

చౌరస్తా_చాయ్

పేర్లంటే గుర్తొచ్చింది, ఏనుగు బొమ్మల ప్యాంట్లు! అక్కడికి వెళ్లినవాళ్లంతా కొనేవి. ఖోరాత్ నగరంలో పోటీ పెట్టి పిల్లి బొమ్మల ప్యాంటు డిజైన్ చేయించారు, విపరీతంగా అమ్ముడైంది. వెంటనే చైనా కాపీలు చవగ్గా దిగాయి, ప్రభుత్వం కాపీల మీద పడాల్సి వచ్చింది. చేనేతా కాదు, తాతల నాటిదీ కాదు, అయినా కొట్లాట మాత్రం సేమ్.

బట్టీపొగ

ప్యాంట్లు వదిలేయండి. మట్టిగోడ గారి ప్రశ్నకు జవాబు ఇవ్వాలి: ఒక భవనంతో బట్టీ ఎన్నాళ్లు మండుతుంది అన్నారు. ఒక్కదాంతో మండదు, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం కట్టే బడి, ఆస్పత్రి, స్టేషన్‌ల టెండర్లలో ఇంత శాతం చేతి ఇటుక, చేతి టైలు అని రాస్తే? 2001లో ఊరికో ఉత్పత్తి అని ఓటాప్ పథకం పెట్టి, ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇచ్చి, ఊళ్లన్నీ సబ్బులూ సంచులూ చేసేలా నడిపించారు. బహుమతి వస్తువు ఎంతమంది కొంటారు? గోడలు మాత్రం ఏటా లేస్తాయి.

మట్టిగోడ

టెండర్ షరతు మంచి మాట, దానికి నేను సరే. అయితే పేటల విషయంలో కూడా ఒక షరతు పెట్టండి. ఏ వీధికైనా 'క్రియేటివ్ డిస్ట్రిక్ట్' బోర్డు తగిలించే ముందు, అక్కడ అద్దెకుండే దుకాణదారులకు దీర్ఘకాలం లీజు ఉందో లేదో చూడాలి. లేకపోతే బోర్డు వద్దు.

బ్యాంకాక్_బాబాయ్

లీజు ఇచ్చేది భూమి యజమాని సార్, డిజైన్ కేంద్రం కాదు. వాళ్ల చేతిలో లేని పనికి వాళ్లను కట్టేస్తే డిజైన్ వీక్ పండగ కూడా ఆగిపోతుంది, దాంతో వచ్చే నాలుగు డబ్బులూ ఆగిపోతాయి. ఆ పదిరోజులూ నూడుల్స్ బండి ఆవిడకు ఎంత గిరాకీ ఉంటుందో మీరు చూడలేదు.

మట్టిగోడ

గిరాకీ చూసి ఇంటి యజమాని వచ్చే ఏడాది అద్దె ఎంత పెంచుతాడో ఆవిడనే అడిగి చెప్పండి. అప్పుడు మాట్లాడుకుందాం.