గండికోట బండలు చదునుగా, నల్లమల బండలు మడతలు పడి... ఎందుకిట్లా?

పెన్న_ఒడ్డు (ప్రొద్దుటూరు):
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తున్న ప్రశ్న ఇది. గండికోటలో లోయ అంచున నిలబడి చూస్తే పెన్నకు అటూ ఇటూ బండలు పొరలుపొరలుగా, దాదాపు చదునుగా పేర్చినట్టు ఉంటాయి. అదే నంద్యాల నుంచి గిద్దలూరుకు ఘాట్ రోడ్డులో పోతుంటే, రోడ్డు కోసం కొండను కోసిన చోట పొరలు ఏటవాలుగా, కొన్నిచోట్ల నిట్టనిలువుగా, ఒక్కోచోట మడిచేసినట్టు కనిపిస్తాయి. రెండూ కడప బేసిన్ (ఒకప్పుడు ఇసుక, బురద పొరలుగా పేరుకున్న పెద్ద పల్లం) రాళ్లే అంటారు, మరి ఇంత తేడా ఏంది? మనకు తూర్పున ఒకప్పుడు పెద్ద పర్వతాలు లేచి అరిగిపోయాయని ఎక్కడో విన్నాను. పర్వతమే లేకుండా పోయాక అది ఉండేదని ఎట్లా చెప్తారు? ఊహేనా, రాయిలో ఏమైనా రుజువు ఉంటుందా?

బండల_బాట (కడప):
అన్నా, మంచి ప్రశ్న. ముందు ఒక మాట. గండికోటది గ్రానైట్ అని చాలామంది రాస్తుంటారు, కాదు. అది క్వార్ట్జైట్, అంటే ఒకప్పుడు నీళ్ల కింద పేరుకున్న ఇసుక గట్టిపడిన రాయి. కడప బేసిన్ మొత్తం 44 వేల చదరపు కిలోమీటర్లు, నెలవంక ఆకారం. పడమటి అంచు కింద ధార్వాడ్ అని పిలిచే చాలా పాత గట్టి భూభాగం ఉంది కాబట్టి అక్కడి పొరలు పెద్దగా చెదరలేదు. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన శిలాద్రవం వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు, అంటే ఆ పొరలు అంతకంటే పాతవి, అయినా ఇంకా పడుకునే ఉన్నాయి. తూర్పు సగం కథ వేరు. గోడకు ఆనించిన చాపను అవతలి నుంచి తోస్తే ఎట్లా మడతలు పడుతుందో, తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల పొరలు అట్లా పడ్డాయి. అందుకే ఆ మడతలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి, కొండల వరుసలు కూడా అట్లాగే ఉంటాయి, మ్యాప్‌లో చూడండి.

రుజువు కావాలంటే ఇంట్లోనే ఉంది. మన ఇళ్లలో పరిచే నల్ల కడప బండ, చిన్నప్పుడు రాసుకున్న మార్కాపురం పలక, ఈ రెండూ చీలే తీరు గమనించండి. కడప బండ సున్నపురాయి, అది పేరుకున్న పొర వెంటే చీలుతుంది. మార్కాపురం పలక అట్లా కాదు. ఒకప్పటి బురదను అడ్డంగా నొక్కితే అందులోని సన్నటి అభ్రకం రేకులన్నీ ఆ ఒత్తిడికి అడ్డంగా తిరిగి ఒకే దిక్కున సర్దుకుంటాయి, రాయి వాటి వెంట చీలుతుంది. మడత వంపు తిరిగే చోట తీసిన ముక్క దొరికితే చూడండి, అసలు పొర రంగు చారలా చీలిక మీద ఏటవాలుగా పోతుంటుంది. ఆ చారకూ చీలికకూ మధ్య కోణం కొలిస్తే మడత ఎటు వంగిందో బండ దగ్గర నిలబడే చెప్పొచ్చు. పలకను పలకగా చేసింది ఆ ఒత్తిడే.

పెన్న_ఒడ్డు:
ఇది నిజంగా తెలీదు అన్నా, ఇన్నేళ్లు ఆ పలకల మీదే రాశాం. సరే, నొక్కుడు పడిందని అర్థమైంది. లోతు, వేడి ఎట్లా తెలుస్తాయి?

గార్నెట్_గింజ (కర్నూలు):
నేను చదివేది ఇదే సబ్జెక్టు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. నల్లమల నుంచి తూర్పుకు పోయేకొద్దీ రాయి ఎక్కువ ఉడికింది. పలకరాయి దాటి నెల్లూరు వైపు షిస్టు రాళ్లలోకి (పలకరాయి కంటే ఎక్కువ ఉడికి, రేకులు పెద్దవైన రాళ్లు) వెళ్తే గార్నెట్, స్టారోలైట్, కయనైట్ అనే ఖనిజాలు కనిపిస్తాయి. కయనైట్, ఆండలుసైట్, సిలిమనైట్ అని మూడు ఖనిజాలు, మూడింటిలో ఉండే మూలకాలు, వాటి పాళ్లు ఒక్కటే, అమరిక మాత్రం వేరు. ఏది నిలుస్తుందనేది ఒత్తిడి, వేడి బట్టి ఉంటుంది. మూడూ కలిసి ఉండగలిగేది సుమారు 500 డిగ్రీలు, 4 కిలోబార్ల (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 4 వేల రెట్లు) దగ్గర మాత్రమే, అంటే దాదాపు 14 కిలోమీటర్ల లోతు. 600 డిగ్రీల వేడిలో కయనైట్ నిలవాలంటే సుమారు 20 కిలోమీటర్ల రాయి బరువు పైన ఉండాలి. అంత లోతులో పుట్టిన గింజ ఇవాళ పొలం గట్టు మీద దొరుకుతోందంటే పైనున్నదంతా ఏమైనట్టు? కోతకు పోయిందో, భూమి సాగి పక్కకు జారిందో, ఏదో విధంగా తొలగిపోయింది. పర్వతం ఉండేదనడానికి మొదటి ఆధారం అదే. మనం చూసేది దాని శిఖరం కాదు, వేళ్లు.

గార్నెట్ ఇంకా గొప్పది. అది మధ్య నుంచి అంచుకు పెరుగుతుంది, మధ్యలో మాంగనీసు ఎక్కువ, వేడెక్కేకొద్దీ అంచుల్లో మెగ్నీషియం పెరుగుతుంది. పెరిగేటప్పుడు చుట్టుపక్కల చిన్న గింజల్ని మింగేస్తుంది, బయట ఉన్నవి తర్వాత మారిపోయినా లోపల చిక్కినవి పాతగానే ఉంటాయి. కాబట్టి ఒక్క గింజలోనే రాయి కిందికి దిగిన దారి కొంత చదవొచ్చు. ముందు ఒత్తిడి పెరిగి తర్వాత వేడెక్కితే ఖండాలు ఢీకొని నేల మందమైందని అనుకుంటారు, ముందే వేడెక్కితే కింద శిలాద్రవం చేరిందేమో చూస్తారు. కానీ తూర్పు కనుమల్లో ఈ కిటుకు సరిగ్గా పనిచేయదు. పాడేరు వైపు రాళ్లు 900 డిగ్రీలు దాటి ఉడికాయి, అంత వేడికి గార్నెట్ లోపలి తేడాలన్నీ చెరిగిపోతాయి. అక్కడ గింజల చుట్టూ అంచుల్లా పెరిగిన కొత్త ఖనిజాల్ని చూసి కథ అల్లాల్సి వస్తుంది.

అనంత_శిల (అనంతపురం):
పైన చెప్పినవన్నీ బాగున్నాయి, కాలం సంగతి కూడా కలపాలి, లేకపోతే సగమే. జిర్కాన్ అని రాళ్లలో ఉండే చిన్న గట్టి ఖనిజం, అది పుట్టేటప్పుడు యురేనియంను తీసుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపల కనిపించే సీసం దాదాపు అంతా యురేనియం విచ్ఛిన్నమై వచ్చిందే. యురేనియం 238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, 235కి సుమారు 70 కోట్ల ఏళ్లు, రెండు గడియారాలూ ఒకే వయసు చెప్తే నమ్మకం కుదురుతుంది. తూర్పు కనుమల పెద్ద భాగానికి వచ్చే వయసు 90 నుంచి 100 కోట్ల ఏళ్ల మధ్య. తూర్పు అంటార్కిటికాలో కూడా అదే వయసు, అదే రకం రాళ్లు ఉన్నాయి, అందుకే అప్పట్లో రెండూ కలిసి ఉండేవంటారు. అయితే ఒంగోలు చుట్టుపక్కల ఉడికిన వయసు దాదాపు 160 కోట్లు. అంటే తూర్పు కనుమలు ఒక్కసారి పుట్టిన ఒక్క పర్వతం కాదు, వేర్వేరు కాలాల ముక్కలు అతుక్కున్నవి. ఒకే ఘటన కింద అన్నీ కట్టేసి చెప్పే వీడియోలతో నాకు పేచీ ఇక్కడే.

పెన్న_ఒడ్డు:
అయితే మా నల్లమల ఎప్పుడు మడత పడింది సార్? 160 లెక్కలోదా, 90 లెక్కలోదా?

అనంత_శిల:
అక్కడే ఇంకా వాదన నడుస్తోంది. మీరు పోయే ఘాట్‌లోనే చెలిమ దగ్గర ఒక లాంప్రోయైట్ డైక్ (లోతు నుంచి వచ్చిన శిలాద్రవం పగులులో గోడలా గడ్డకట్టినది) ఆ రాళ్లను చీల్చుకుని వచ్చింది, దాని వయసు సుమారు 140 కోట్లు, కాబట్టి నల్లమల పొరలు అంతకు ముందువి, అది గట్టి ఆధారం. కానీ నంద్యాల మైదానం తూర్పు అంచున చూస్తే పాత నల్లమల రాళ్లు తమకంటే కొత్తవైన కర్నూలు సున్నపురాళ్ల మీదికి తోసుకొచ్చి ఉన్నాయి. పాతది కొత్తదాని మీదికి ఎక్కాలంటే కొత్తది అప్పటికే అక్కడ ఉండాలి కదా. కాబట్టి చివరి తోపుడు మాత్రం కర్నూలు రాళ్లు పేరుకున్న తర్వాతే జరిగింది. కర్నూలు రాళ్ల వయసు మీదే ఏకాభిప్రాయం లేదు, అది తేలితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఈసారి ఘాట్‌కు పోయినప్పుడు పొరల వాలు ఎటువైపో, చీలిక వాలు ఎటువైపో రెండూ వేర్వేరుగా రాసుకోండి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కూర్చుని చూద్దాం.