అప్‌డేట్: సంక్రాంతికి మా డౌలా సర్వీస్ ప్రచారం ఏమైందంటే

వైజాగ్‌లో కాన్పప్పుడు తల్లికి తోడుండే చిన్న సర్వీస్ మాది, సంక్రాంతి పండక్కి డిస్కౌంట్ పెట్టాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, చివరికి పెట్టలేదండి. ధనుర్మాసంలో సీమంతాలు అవీ పెద్దగా పెట్టుకోరు కాబట్టి అప్పుడు ప్యాకేజీల ఊసే ఎత్తలేదు. దాని బదులు హైదరాబాద్, బెంగళూరు నుంచి పుట్టింటికొచ్చే కడుపుతో ఉన్న అమ్మాయిల కోసం వాట్సాప్‌లో చిన్న చిన్న మెసేజ్‌లు పంపాం, రైల్లో మధ్యమధ్యలో లేచి నడవండి, భోగిమంట పొగకి దూరంగా ఉండండి, షుగర్ ఉంటే అరిసెల సంగతి ముందు డాక్టర్ని అడగండి, ఇలాంటివి.

ఫోన్లు వాటివల్లే వచ్చాయి, అదీ ఎక్కువగా అమ్మాయిల తల్లుల నుంచి! అందరిదీ ఒకటే ప్రశ్న, లేబర్ రూమ్‌లోకి మిమ్మల్ని రానిస్తారా అని. కాన్పప్పుడు తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది, కానీ రూల్ ఒక్కో హాస్పిటల్లో ఒక్కోలా ఉంటుంది, ముందే అడిగి పెట్టుకోండి అని ఉన్నదున్నట్టు చెప్పాం. నార్మల్ డెలివరీ గ్యారంటీ అని మాత్రం ఎక్కడా రాయలేదు, రాయం కూడా, అది ఎవరి చేతిలోనూ లేదు.

పుట్టింటివాళ్ళు చీరతో పాటు ఇచ్చేలా బాలింత సాయం గిఫ్ట్ కార్డు కూడా పెట్టాం, గాజువాక వైపు బాగా తీసుకున్నారు. భోగిపళ్ళ ఫోటోలు వాడమన్నారు కొందరు, తల్లిదండ్రులు రాసిస్తే తప్ప పిల్లల ఫోటోలు పెట్టను. ఉగాదికి కూడా ఇదే పద్ధతి.