రేడియోలో వచ్చే ప్రాంక్ కాల్స్ నిజమైనవేనా, ముందే మాట్లాడుకుని చేస్తారా?

పొద్దుటి_శ్రోత

ఆఫీసుకు వెళ్తూ రేడియోలో ప్రాంక్ కాల్స్ వినడం నాకు అలవాటు. ఈ మధ్య ఒకటి విన్నాను. ఆర్జే కొరియర్ మనిషిలా ఫోన్ చేసి, "మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో బతికున్న పాము ఉంది, చార్జీ కట్టి తీసుకెళ్లండి" అంటాడు. అవతలాయన అరిచాడు, బతిమాలాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. చివర్లో ఆర్జే తన పేరు చెప్పగానే పకపకా నవ్వేశాడు. అంతసేపట్లో ఒక్కసారి కూడా "నా నంబరు మీకెవరిచ్చారు?" అని అడగలేదు, ఫోన్ పెట్టేయలేదు. నాకు అలాంటి కాల్ వస్తే కట్ చేసి బ్లాక్ చేసేస్తాను. ఇవన్నీ ముందే మాట్లాడుకుని చేస్తారా? చేస్తే వినేవాళ్లను మోసం చేసినట్టేనా, లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

పాత_మైకు

కొన్నాళ్లు ఒక ఎఫ్‌ఎం స్టేషన్‌లో ప్రొడక్షన్‌లో ఉన్నాను, పేరు మాత్రం అడక్కండి. రెండు రకాలూ ఉండేవి.

నిజమైన ప్రాంక్ కాల్ ఎంత తలనొప్పో బయటివాళ్లకు తెలీదు. ముందు ఎవరో ఒకరు తన ఫ్రెండునో బావమరిదినో ఆటపట్టించమని నంబరు, వివరాలు పంపాలి. చేస్తే చాలామంది ఎత్తనే ఎత్తరు. ఎత్తినవాళ్లలో కొందరు వెంటనే పెట్టేస్తారు, కొందరు ఆర్జే గొంతు పట్టేస్తారు, కొందరు బూతులు లంకించుకుంటారు. ఇవన్నీ దాటుకుని ఒక కాల్ బ్రహ్మాండంగా వచ్చిందనుకోండి, చివర్లో ఆ మనిషి "వద్దండీ, వేయొద్దు" అంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. షోకేమో రోజూ ఒకటి కావాలి. రేపటికి చేతిలో ఏమీ లేదంటే డబ్బింగ్ చెప్పే కుర్రాడు ఎవరైనా దొరుకుతాడేమో చూసేవాళ్లం. కథ ఏంటో నాలుగు ముక్కల్లో చెప్తే చాలు, మిగతాది వాడే అల్లుకుపోయేవాడు.

చాలాసార్లు అసలు ఫోనే ఉండేది కాదు. పక్క మైకులో మాట్లాడించి, ఎడిటింగ్‌లో 300 హెర్ట్జ్ కింద ఉన్న బొంగురు ధ్వని, 3,400 హెర్ట్జ్ పైన ఉన్న కీచు ధ్వని అంతా కోసేస్తే అచ్చం ఫోన్ గొంతులా వస్తుంది. పాత టెలిఫోన్ లైన్లో వెళ్లేది దాదాపు అంతే కాబట్టి మన చెవి నమ్మేస్తుంది. దాని మీద కాస్త ట్రాఫిక్ చప్పుడు వేసేవాళ్లం. ఆ సెట్టింగ్‌ను ప్రీసెట్‌గా దాచుకుని రోజూ అదే వాడేవాళ్లం.

చెవులపిల్లి

హమ్మయ్య, నా అనుమానం నిజమేనన్నమాట. మేం వినే షోలో ఒకే గొంతు ఒకసారి అనుమానపు భర్త, ఇంకోసారి బ్యాంకు మేనేజరు. దగ్గు కూడా మార్చుకోలేదు పాపం.

రూల్స్_రంగడు

దీనికి చట్టంతో కూడా లంకె ఉంది. అమెరికాలో రేడియో, టీవీలను నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ఏమంటుందంటే, ఫోన్ సంభాషణను ప్రసారం కోసం రికార్డు చేసే ముందే ఆ సంగతి అవతలి మనిషికి చెప్పాలి. ముందే చెప్పేస్తే ఇంక ప్రాంక్ ఏముంది? మయామీలో ఒక స్టేషన్ ఆర్జేలు 2003లో ఏకంగా క్యూబా అధినేత ఫిడెల్ కాస్ట్రోకే ఫోన్ చేశారు. వెనిజులా అధ్యక్షుడు చావెజ్ లైన్‌లో ఉన్నాడని నమ్మించి ఆటపట్టించారు. కాస్ట్రోకు ముందుగా చెప్పలేదని ఎఫ్‌సీసీ ఆ స్టేషన్‌కు 4,000 డాలర్ల జరిమానా వేసింది. అమెరికాకు బద్ధశత్రువు అయినా సరే, రూలు రూలే.

అలాంటి దేశంలో ఒక షో రోజూ ప్రాంక్ వేస్తోందంటే మనం ఏమనుకోవాలి? క్లియర్ ఛానల్ అనే పెద్ద రేడియో కంపెనీకి చెందిన ప్రీమియర్ రేడియో నెట్‌వర్క్స్ "ప్రీమియర్ ఆన్ కాల్" అనే సర్వీసు నడిపేది. షోకు ఫోన్ చేసేవాళ్లు కావాలన్నా, షోవాళ్లు చేసిన ఫోన్ ఎత్తి మాట్లాడేవాళ్లు కావాలన్నా నటులను సమకూర్చేది. 2011లో ఈ సంగతి పత్రికలకెక్కింది. నిజం కాల్ చేస్తే జరిమానా, నాటకం ఆడితే అడిగేవాడు లేడు. నేరం, విపత్తు లాంటి వాటి గురించి అబద్ధం ప్రసారం చేసి జనానికి హాని చేస్తే దానికి వేరే నిబంధన ఉంది గానీ, మీ పాము పార్సిల్ దాని కిందకు రాదు.

సరదా_సుబ్బు

ఇంత సీరియస్ ఎందుకండీ బాబూ? పొద్దున్నే ట్రాఫిక్‌లో నవ్వుకోవడానికి వింటాం. నాటకమైతే మాత్రం ఏం పోయింది? ఎవరూ ఏడవలేదు, నా జేబులోంచి పైసా పోలేదు. పైగా నిజంగా ఎవణ్ణో ఏడిపించడం కంటే ఇదే నయం కదా.

వానచినుకు

సుబ్బు గారూ, పాము పార్సిల్ వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ భార్యాభర్తల "పరీక్ష" కాల్స్ సంగతేంటి? పూలకొట్టు నుంచి అని చెప్పి భర్తకు ఫోన్ చేస్తారు, ఉచితంగా బొకే పంపుతాం, ఎవరికి పంపమంటారు అంటారు. ఆయన వేరే అమ్మాయి పేరు చెప్తాడు, లైన్‌లో వింటున్న భార్య గొల్లుమంటుంది. అది వచ్చిన రోజు మా ఆఫీసులో లంచ్ టైమంతా ఇదే చర్చ. "చూశావా, మగాళ్లంతా ఇంతే" అని ఒకరు, "అసలు ఆవిడ అనుమానించడమే తప్పు" అని ఇంకొకరు. జరగని కాపురం గురించి నిజం మనుషులు పోట్లాడుకున్నారు. కథ అని ముందే తెలిస్తే కథలాగే వింటాం. ఇక్కడ రేడియోలో విన్నాను కదా అని దాన్ని రుజువుగా చూపిస్తున్నారు. నాకు అభ్యంతరం అక్కడ.

గళ్ళచొక్కా

నాకు నిజమైన కాలే వచ్చింది. ఫ్రెండు నా నంబరిచ్చాడు. "హెచ్ఆర్ నుంచి మాట్లాడుతున్నాం, మీ సర్టిఫికెట్లు తేడాగా ఉన్నాయి, రేపటి నుంచి రావద్దు" అన్నారు. అప్పటికి ఆ ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత ఆర్జే అసలు విషయం చెప్పి పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు, చాలాసేపు ఊరుకున్నాను. అప్పుడాయన చాలా మర్యాదగానే, "సార్, ఎండింగ్ కోసం ఒక్కసారి గట్టిగా నవ్వండి సార్" అన్నాడు. పక్కనే ఫ్రెండు కూడా ఉన్నాడు, ఇంకేం చేస్తాం, నవ్వాను. వేసుకోవచ్చా అంటే సరే అన్నాను.

రేడియోలో వచ్చినప్పుడు నా మౌనం లేదు. ఆర్జే పేరు చెప్పాడు, వెంటనే నా నవ్వు. విన్నవాళ్లంతా "భలే స్పోర్టివ్‌గా తీసుకున్నావు" అన్నారు.

పాత_మైకు

@గళ్ళచొక్కా, ఆ చివరి నవ్వు విడిగా తీసుకోవడం మామూలే అండీ. మౌనం ఉంటే శ్రోత ఛానల్ మార్చేస్తాడని ఎడిటర్ భయం. కాబట్టి "నిజమైన" కాల్ అన్నది కూడా పూర్తిగా నిజం కాదు.

వానచినుకు

ఇది మరీ దారుణం. నాటకంలో బాధితుడు చివర్లో ఎలాగూ నవ్వుతాడు, వాడికి డబ్బులిచ్చేదే అందుకు. అదే చూసి, నిజం మనిషి కూడా నవ్వుతాడనే అనుకుంటున్నాం. పిల్లలు కూడా అదే నేర్చుకుని ఎవరికి పడితే వాళ్లకు ఫోన్లు చేస్తారు.

రూల్స్_రంగడు

నవ్వనివాళ్ల కథలు చాలా ఉన్నాయి. 2008లో బీబీసీ రేడియో 2లో ఇద్దరు ప్రెజెంటర్లు నటుడు ఆండ్రూ శాక్స్ ఫోన్‌లో ఆయన మనవరాలి గురించి అసభ్యంగా మెసేజీలు పెట్టారు. షో రికార్డెడ్, ఆపే వీలుండి కూడా వేశారు. బీబీసీకి 1,50,000 పౌండ్ల జరిమానా పడింది. 2012లో సిడ్నీ ఆర్జేలు బ్రిటన్ రాజకుటుంబీకుల్లా నటించి లండన్ ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఆ కాల్ ఎత్తి వార్డుకు కలిపిన నర్సు కొద్దిరోజుల్లోనే ప్రాణం తీసుకుంది. ఆ కేసు ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లింది. బ్రిటన్‌లో ప్రసారాలను నియంత్రించే సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి ప్రకారం ఇలా సరదా కోసం రికార్డు చేసిన కాల్‌ను ఆ మనిషి అనుమతి లేకుండా ప్రసారం చేయకూడదు.

అందుకని సుబ్బు గారి మాట కొట్టిపారేయను. నాటకమే నయం. నాటకం అని చెప్పకపోవడమే తంటా.

సరదా_సుబ్బు

చెప్తే ఎవరు వింటారండీ? "ఇది కల్పితం" అనగానే సగం సరదా పోతుంది.

రూల్స్_రంగడు

సరదా వాళ్లు నమ్మించడంలోనే ఉందని మీరే ఒప్పుకున్నారు మరి :)

పోటీలు, బహుమతులు ఉన్న చోట మాత్రం నియంత్రణ సంస్థలు ఊరుకోవు. 2008లోనే ఆఫ్‌కామ్ పోటీల్లో జరిగిన మోసాలకు బీబీసీకి మొత్తం 4,00,000 పౌండ్ల జరిమానా వేసింది. ఆ జరిమానా పడిన షోల్లో ఒకటి ముందే రికార్డు చేసి లైవ్ అని వేసిన రేడియో షో. పోటీకి ఫోన్ చేసిన "శ్రోతలు" ప్రొడక్షన్ వాళ్లు, వాళ్ల స్నేహితులు. నిజం శ్రోతలకు గెలిచే దారే లేదు.

చెవులపిల్లి

పోల్చుకోవడానికి నా చిట్కా: ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారా లేదా వినండి. నిజంగా కోపమొచ్చినవాడు అవతలివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడు. కాల్‌లో జోకు పేలే చోట వీడు బుద్ధిగా ఆగాడంటే అనుమానించాల్సిందే. అయితే ఎడిటింగ్‌లో ఖాళీలు సర్దేస్తారు కాబట్టి గ్యారంటీ ఇవ్వలేను.

పాత_మైకు

బానే పట్టారు. ఇంకోటి, నిజం కాల్‌లో "హలో? హలో? వినిపిస్తోందా?" అనేది తప్పకుండా ఉంటుంది. ఎడిట్‌లో తీసేస్తాం గానీ ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. నటులు ఎవరూ అది అనరు, వాళ్లకు మేం బాగానే వినిపిస్తుంటాం కదా.

కొత్తగా_చేరా

నేను వినే షో వాళ్లకు "మీ ప్రాంక్ కాల్స్ నిజమైనవేనా?" అని మెయిల్ పెట్టాను. "మా కార్యక్రమాన్ని ఆదరిస్తున్నందుకు ధన్యవాదాలు, మీ ఫ్రెండు నంబరు పంపండి" అని జవాబొచ్చింది.