పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌కి బీటా విలువ ఎంత పెట్టాలి?

క్యాన్సర్ వల్ల ప్రోస్టేట్ తీసేశాక పీఎస్ఏ (రక్తంలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్) మళ్లీ పెరుగుతున్నవాళ్లకి గాలియం-68 పీఎస్ఎంఏ పెట్ స్కాన్లు చేస్తుంటాం, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీదుండే పీఎస్ఎంఏ ప్రోటీన్‌కి అతుక్కునే రేడియోధార్మిక మందు ఇచ్చి తీసే స్కాన్లు. పీఎస్ఏ ఇంకా 0.5 కూడా దాటనివాళ్లతోనే అసలు తలనొప్పి. స్కాన్ డేటా నుంచి బొమ్మ తయారుచేసే మామూలు పద్ధతి ఓసెమ్‌లో నాలుగైదు మిల్లీమీటర్ల లింఫ్ నోడ్ నాయిస్‌లో కలిసిపోతోంది. నాయిస్‌ని అణిచే బేసియన్ రీకన్‌స్ట్రక్షన్‌కి మారి, ఎంత అణచాలో నిర్ణయించే బీటా తగ్గిస్తే అదే నోడ్ చక్కగా తేలుతోంది గానీ, చుట్టూ నాయిస్ చుక్కలూ అలాగే మెరుస్తున్నాయి. పెంచితే రెండూ మాయం! పైగా పీఎస్ఎఫ్ (స్కానర్ వల్ల వచ్చే మసకని సరిచేసే లెక్క) కలిపినప్పుడు చిన్న నోడ్‌కి ఎస్‌యూవీ (మందు ఎంత పట్టిందో చెప్పే కొలత) ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోందేమోనని అనుమానం. స్కాటర్ కరెక్షన్ (దారి మళ్లిన కిరణాల లెక్క తీసేయడం) వల్ల మూత్రాశయం చుట్టూ వచ్చే ఖాళీ వలయం సంగతి సరేసరి, మూత్రం ఎక్కువ పోయేలా చేసే లాసిక్స్ ఇచ్చినా పూర్తిగా పోవట్లేదు. ఆలస్యంగా స్కాన్ చేద్దామంటే గాలియం అర్ధాయువు 68 నిమిషాలే, కౌంట్లు పడిపోతాయి. మీరు బీటాని ఎలా ఖరారు చేశారు? ఫాంటమ్‌తోనా (పరీక్ష కోసం వాడే నమూనా బొమ్మ), పేషెంట్ల డేటాతోనా? పెల్విస్‌కి విడిగా సెట్టింగ్ వాడేవాళ్లుంటే కాస్త చెప్పండి.