బేస్‌బాల్ స్వింగ్‌లో పవర్ ఎక్కణ్నుంచి వస్తుంది? బెంగళూరులో ఆడేవాళ్లు చెప్పండి

బెళ్లందూరు_బుల్లోడు: ఆఫీసు వాళ్లం కలిసి బేస్‌బాల్ మొదలెట్టాం, ఆదివారాలు సర్జాపూర్ రోడ్డు వైపు టర్ఫ్‌లో ఆడుతున్నాం. చిన్నప్పట్నుంచి క్రికెట్టే కదా, చేతుల్లో బలం ఉంది, కానీ ఎంత గట్టిగా ఊపినా బాల్ నేల మీదే దొర్లుతోంది. ఏం మార్చాలి?

సీమ_సిక్సర్: తమ్ముడూ, బలం చేతుల్లోంచి రాదు, కాళ్ల కింద నేల నుంచి వస్తాది. బరువు వెనక కాలి మీద ఉంచుకో, చిన్న అడుగు ముందుకెయ్, ఆ పాదం ఆనగానే నడుము పిచ్చర్ (బాల్ విసిరేవాడు) వైపు తిరగాల, భుజాలు మాత్రం ఇంకా వెనకే ఉండాల, తడిబట్ట పిండినట్టు ఒళ్లు మెలి తిరగాల, ఆ మెలిక విడిపోతా ముందు ఛాతీ, తర్వాత చేతులు, చివర్న బ్యాట్ వస్తాయి. చేతులు ముందే బయల్దేరితే నడుము తిరిగినా దండగే.

వైట్‌ఫీల్డ్_అక్క: ముందు మోకాలు కూడా చూసుకో. క్రికెట్ డ్రైవ్‌లో మోకాలు వంచి బాల్ మీదకి వాలతాం, ఇక్కడ బాల్ తగిలే టైమ్‌కి ఆ కాలు బిగుసుకోవాలి. ముందుకి పోతున్న ఒళ్లు అక్కడ ఆగితేనే ఆ ఊపు నడుం తిరగడానికి పనికొస్తుంది. కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు మా కోచ్ మేడమ్ మా వెనక మడమ లేచిందా లేదా అనేదే చూసేవారు.

లెక్కల_మాస్టారు: దొర్లడానికి కారణం కోణం. బంతి కిందకి దిగుతూ వస్తుంది, నువ్వూ పైనుంచి కిందకే కొడితే రెండు దారులూ ఒక్కచోటే కలుస్తాయి. బ్యాట్ కాస్త పైకి లేస్తూ పోతే బంతి దారిలో ఎక్కువసేపు ఉంటుంది, టైమింగ్ అటూఇటూ అయినా తగులుతుంది. అమెరికాలోని మేజర్ లీగ్ లెక్కలో బారెల్, అంటే అతి బాగా తగిలిన దెబ్బ, అనాలంటే బ్యాట్ నుంచి బంతి కనీసం గంటకు 98 మైళ్ల వేగంతో పోవాలి, ఆ వేగానికి బంతి పైకి లేచే కోణం 26 నుంచి 30 డిగ్రీలు. అక్కడ బ్యాట్ స్పీడ్ సగటు 72 మైళ్ల దగ్గర ఉంటే 2024లో అక్కడి బ్యాటర్ స్టాంటన్‌ది 80 దాటింది. అలాగని స్వింగ్ పొడుగు చెయ్యకు, 60 అడుగుల 6 అంగుళాల నుంచి 95 మైళ్ల బంతి దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది.

సీమ_సిక్సర్: బరువు బ్యాట్ కూడా కొనొద్దు. ప్రోలే 900 గ్రాముల చుట్టుపక్కల వాడతారు, అంటే మన క్రికెట్ బ్యాట్ కన్నా తేలిక.

బెళ్లందూరు_బుల్లోడు: థాంక్స్ అన్నా. అక్కా, వెనక మోచెయ్యి ఎక్కడుండాలి?

వైట్‌ఫీల్డ్_అక్క: నడుం తిరుగుతుంటే పక్కటెముకల దగ్గరికి దిగాలి. టీ (బాల్ నిలబెట్టే స్టాండ్) మీద బాల్ పెట్టి, అడుగేసి, నడుము తిప్పి, చేతులు కదలకుండా అక్కడే ఆగు. అది అలవాటయ్యాకే బ్యాట్ ఊపు.